వంక మలుపు దగ్గర నా గీత

గ్రాఫిక్స్ టాబ్లెట్ ముందు కూర్చున్న మొదటి రోజు మీ చెయ్యి మీ మాట వినదు. పెన్ను బల్లమీద కదులుతుంది, గీత ఎదురుగా తెరమీద పడుతుంది. అలవాటు కొద్దీ కళ్లు చేతివైపు దిగుతాయి, ఈలోగా గీత ఎటో పోతుంది. రెండు వారాలు ఇలాగే ఉంటుంది. ఏడుపొస్తే ఏడవండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత చెయ్యి మాట వినడం మొదలుపెడుతుంది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

బుక్కరాయసముద్రంలో మా ఇంటికి దగ్గర్లో ఈ మధ్య ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. పాత గ్రామ నక్షాలను పెన్ను, టాబ్లెట్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అక్కడ నేర్పుతారు. నేను ఆ పనిలోనే రిటైరయ్యానని తెలిసి, వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్లి చెప్పాను. కేంద్రం నడిపే అతని ముఖం మాడిపోయింది. "మేడమ్, పిల్లోళ్లు భయపడిపోతాండారు. కొంచెం హుషారుగా చెప్పండి" అన్నాడు. హుషారు నా దగ్గర లేదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో ఆపేవాళ్లు ఉండరు కదా.

ప్రమోషన్ల సంగతి రాయను. కొన్ని వచ్చాయి, కొన్ని రావలసినప్పుడు రాలేదు. ఫైళ్ల సంగతీ రాయను, అవి ఎక్కడైనా ఒక్కటే. ముప్పై నాలుగేళ్లు గీతలు గీశాను. వాటిలో ఒక గీత గురించి చెప్పాలి. దానికి ముందు ఆ గీత దాకా ఎలా వచ్చానో కొంత చెప్పాలి.

గుడ్డ మీద

నేను జిల్లా సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. పాత నక్షా మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, కింద కనిపించే గీతను నల్లసిరాతో పైన గీయడం ట్రేసర్ పని. మా నాయన మట్టిపని కూలీ. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదట నాదే. కల్లాల దగ్గర చెప్పుకుని మురిసిపోయేవాడు. నేను చేసేది ఏమిటో మాత్రం ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. "ఉండే గీత మీదనే మళ్లా గీత గీస్తారా? దానికి జీతమిస్తారా?" అనేవాడు.

నాకు పని నేర్పింది ఖాదర్ వలీ సాబు, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. మంచివాడని చెప్పను. నలుగురి ముందు నిలబెట్టి కడిగేసేవాడు. చేరిన కొత్తలో "నీకు నేర్పి ఏం లాభమమ్మా, పెండ్లయితే పోతావు" అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన పోయాక చూడటానికి వెళ్లినప్పుడు కూడా ఆ మాటే గుర్తొచ్చింది.

అయినా ఆయన చేసిన ఒక పని సరైనదని ఒప్పుకోవాలి. గుడ్డ మీద సిరా తప్పు పడితే బ్లేడుతో గీకి తీసేవాళ్లం. గీకిన చోట గుడ్డ నునుపు పోయి మచ్చ మిగులుతుంది. సాబు ప్రతి షీటునూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు పట్టి, మచ్చలు లెక్కపెట్టేవాడు. "ఈడేమైంది? ఈడ? ఈడ ఎందుకు రెండుమార్లు గీకినావు?" అని ఒక్కొక్కటీ అడిగేవాడు. చెప్పలేకపోతే షీటు మళ్లీ మొదటినుంచి గీయాలి. నక్షా మడత పడి గీత చెరిగిపోయిన చోట ఊహించి కలపడానికి వీల్లేదు. అక్కడ ఆపి, పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి, కొలతల పుస్తకం తెచ్చి చూపించాలి. "తెలీని చోట గీత కలిపినావంటే, ఒకరి చేను ఇంకొకరికి రాసిచ్చినట్లే బేటీ. వాళ్లు నీ మొహం చూసింటారా, నువ్వు వాళ్ల మొహం చూసింటావా?" అనేవాడు.

టాబ్లెట్‌లో అన్‌డూ ఉంటుంది. ఒక్క మీట నొక్కితే తప్పు మాయమవుతుంది, మచ్చ కూడా మిగలదు. మీకు అదొక వరంలా కనిపిస్తుంది. నాకు మొదట్లో అలాగే కనిపించింది. కానీ మచ్చ ఉంటే ఇంకొకరు వేలు పెట్టి అడుగుతారు. మచ్చ లేని షీటును ఎవరూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లరు.

పలక వచ్చింది

నాకు యాభై రెండేళ్లు వచ్చాక గుడ్డలు, సిరాలు అటకెక్కాయి. జిల్లా నక్షాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. వాళ్ల తరఫున ప్రదీప్ అనే అబ్బాయి మా ఆఫీసులోనే ఒక గదిలో కూర్చుని పని చేయించేవాడు. మాకు తలా ఒక టాబ్లెట్ ఇచ్చారు. మేము దాన్ని పలక అనేవాళ్లం. శిక్షణ ఒక పూట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టమన్నారు.

ఆ పూటలో చెప్పనివి నేను చెబుతాను. పలకను తెరకు సమంగా, తిన్నగా పెట్టుకోండి. కాస్త వంకరగా పెట్టినా మీ అడ్డగీతలన్నీ ఏటవాలుగా వస్తాయి, తప్పు మీ చేతిదనుకుని వారం రోజులు బాధపడతారు. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి, తెర నిష్పత్తి ఒకటిగా ఉండేట్లు మొదటే సెట్ చేసుకోండి. నాకది తెలియక మొదటి రోజు నేను గీసిన గుండ్రటి బావి గుర్తులన్నీ కోడిగుడ్లయ్యాయి. మణికట్టుతో గీయకండి, మోచెయ్యి నుంచి గీయండి. తెరమీద రెండు చుక్కలు పెట్టి వాటిని ఒక్క గీతతో కలపడం రోజూ అరగంట చేయండి, బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు. పెన్ను నొక్కితే గీత లావయ్యే సౌకర్యం బొమ్మలకు బాగుంటుంది, నక్షాలకు పనికిరాదు, తీసేయండి. నిబ్బు అరిగితే మార్చండి, అరిగిన నిబ్బు పలకను గీరుతుంది.

ఇవన్నీ రెండు నెలల్లో వచ్చేస్తాయి. ఇవి వచ్చినవాళ్లను పనిమంతులని అనుకోకండి.

ఓబులేసు కుంట

మా గదిలో ఓబులేసు అని నాకన్నా పదేళ్లు చిన్నవాడు ఉండేవాడు. విడపనకల్లు నుంచి బస్సులో వచ్చేవాడు. పలక అందరికన్నా ముందు పట్టుకున్నది అతనే. అతనికి జూమ్ పిచ్చి పట్టుకుంది. పాత నక్షా స్కానును తెరమీద ఎంత పెద్దది చేయవచ్చో అంత పెద్దది చేసి, గుడ్డ పోగులు కూడా కనిపించే దాకా పోయి గీసేవాడు. అంత దగ్గరికి పోతే గీత అందంగా వస్తుంది. కానీ గీస్తున్నది ఏమిటో తెలియదు.

ఒక గ్రామం నక్షాలో ఊరికి పడమర ఒక కుంట గీశాడు. ఒడ్డంతా చిన్నచిన్న వంపులతో ముచ్చటగా ఉంది. ప్రదీప్ దాన్ని అందరికీ చూపించి మెచ్చుకున్నాడు. కొన్ని నెలలకు ఆ ఊరివాళ్లు నలుగురు నవ్వుకుంటూ ఆఫీసుకు వచ్చారు. "ఏమప్పా, మా ఊర్లో కుంట ఉండాదంట కదా, యాడుండాదో చూపిచ్చండి. గొర్రెలకు తాపుకుంటాం" అన్నారు. అసలు నక్షా తీసి చూస్తే అక్కడ చెదలు తిన్న బొక్క ఉంది. ఓబులేసు చెదల బొక్క అంచు వెంబడి అంత శ్రద్ధగా గీశాడు.

అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. అందరికన్నా ఎక్కువ నేను నవ్వాను. లేని కుంటను తీసేయడం తేలిక, మధ్యాహ్నానికల్లా తీసేశారు. నవ్వే హక్కు నాకు లేదని అప్పటికి తెలియదు.

నా చెయ్యి

ఆ రోజుల్లోనే నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. చిన్న వణుకు. చెంబు పట్టుకుంటే కనిపించదు, పెన్ను పట్టుకుంటే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు నా గీత గురించి ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు తెరమీద ఆ గీత చీమలు పాకినట్లు వస్తోంది. ఎవరూ చూడకుండా అన్‌డూ నొక్కి, మళ్లీ గీసి, మళ్లీ నొక్కేదాన్ని.

ప్రదీప్ చూడనే చూశాడు. వచ్చి నా కుర్చీ పక్కన వంగి, "మేడమ్, దీనికింత బాధెందుకు? స్మూతింగ్ పెంచుకోండి. మీ చెయ్యెట్ల పోయినా గీత నున్నగా వస్తాది" అని ఒక మీటను చివరిదాకా జరిపాడు. నిజంగానే గీత నున్నగా వచ్చింది. నా ఇరవై ఐదేళ్లప్పటి గీతలాగా వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ అబ్బాయిని ఆ రోజు మనసులో దీవించాను.

స్మూతింగ్ ఏం చేస్తుందో నాకు తర్వాత అర్థమైంది, మీరు ముందే తెలుసుకోండి. పెన్ను పోయిన దారిలో గీత వెంటనే రాదు, కొంచెం వెనక వస్తుంది. వెనక వస్తూ పెన్ను చేసిన వంకర్లను సర్దుకుంటుంది. మెల్లగా గీస్తే పెద్ద తేడా ఉండదు. వేగంగా గీస్తే, చిన్న మలుపు దగ్గర పెన్ను మలుపు తిరిగి వచ్చేసినా గీత ఇంకా అక్కడికి చేరి ఉండదు. అది మలుపులోకి పోకుండా లోపలివైపు నుంచి కోసుకుని వచ్చేస్తుంది. దానికి వణుకూ మలుపూ ఒకటే. రెండింటినీ తీసేస్తుంది.

మేము వేగంగా గీసేవాళ్లం. గోడమీద బోర్డు పెట్టి ఎవరు ఎన్ని షీట్లు పూర్తిచేశారో రోజూ రాసేవాడు ప్రదీప్. వణికే చెయ్యి పెట్టుకుని ఆ బోర్డులో నేను పైనే ఉండేదాన్ని. అది నాకు గర్వంగా ఉండేది. ఇంకొక తప్పు కూడా చేసేవాళ్లం. షీటు పూర్తయ్యాక, కిందున్న పాత నక్షా లేయరును కనిపించకుండా చేసి, మా గీతలను మాత్రమే చూసుకునేవాళ్లం. తెల్లటి తెరమీద నల్లటి గీతలు ఎంతో శుభ్రంగా కనిపించేవి. శుభ్రంగా ఉంటే సరిగ్గా ఉన్నట్లే అనుకున్నాం.

ఎర్రిస్వామి మోచెయ్యి

ఆ షీట్లు పూర్తయి రెండేళ్లు దాటింది. గుమ్మఘట్ట వైపు ఒక ఊరి నుంచి ఎర్రిస్వామి అనే రైతు మా ఆఫీసుకు వచ్చాడు. ఎండిన మనిషి, అరవై దగ్గర ఉంటాయి. చేతిలో నోటీసు. వాననీళ్లు పారే వాళ్ల ఊరి వంకను వెడల్పు చేసే పని మొదలుపెట్టబోతున్నారు. కంప్యూటర్ నక్షా ప్రకారం అతని బావి వంకలో, అంటే ప్రభుత్వ భూమిలో ఉంది. పూడ్చివేస్తామని రాశారు.

"మేడమ్మా, వంకలో బావి తవ్వుకున్యానంట. అది మా నాయన తవ్విచ్చిన బావి. మూడేండ్లు వాన లేకపోయినా అడుగున రెండు మట్ల లోతు నీళ్లుంటాయి. వంక పక్కన ఉండబట్టే నీళ్లు. వంకలో ఉంటే ఎప్పుడో పూడిపోయుండేది కాదా?" అన్నాడు.

"అధికారులు వచ్చి నేలమీద చూడలేదా?" అన్నాను.

"చూసినారు. వంకలో యాభై ఏండ్ల నించి కంపచెట్లు పెరిగి అడివైంది. యాడ వంకో యాడ చేనో చూసేవాళ్లకు తెలీదు. మలుపు చూపిచ్చినా. నువ్వే వంకను పక్కకు మళ్లిచ్చినావు, నక్షాలో నేరుగా ఉండాది అంటారు. నేనెట్ల మళ్లిస్తానమ్మా వంకను? నా రెండెడ్లతోనా?"

ఇప్పుడు నేను అతనితో అన్న మాట రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. "కంప్యూటర్ అబద్ధం చెప్పదప్పా. నక్షాలో ఎట్ల ఉంటే అట్లే. మీ ఊర్లో పెద్దవాళ్లను అడిగి చూసుకో" అన్నాను. ముప్పై ఏళ్ల కిందట గుడ్డ మీద గీసే రోజుల్లో నేను ఆ మాట అని ఉండేదాన్ని కాదు.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య మారెక్క కూడా ఉంది. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ఎర్రిస్వామి చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి వంచి నా బల్లమీద పెట్టాడు.

"ఇది వంక అనుకో. ఈ భుజం కాడ్నించి వస్తాది. ఈ మోచేతి కాడ మలుపు తిరిగి ఇట్ల పోతాది. మా బావి ఈడ" అని మోచేతి మడత లోపల వేలు పెట్టాడు. "మీ నక్షాలో మోచెయ్యి లేదంట. భుజం నించి మణికట్టుకు నేరుగా గీసినారంట. అట్ల గీస్తే వంక నా బావి మీదనే పోతాది కదమ్మా."

వాళ్లు వెళ్లాక నేను స్టోరు గదిలోకి వెళ్లి ఆ ఊరి అసలు నక్షా తీశాను. వేలి గోరంత మలుపు. సన్నగా, స్పష్టంగా, ఎక్కడా చెరిగిపోకుండా ఉంది. మలుపు లోపల చిన్న గుండ్రం, బావి గుర్తు. కంప్యూటర్‌లో అదే చోట తీస్తే నున్నటి గీత ఒకటి ఆ గుండ్రాన్ని తొక్కుకుంటూ పోయింది. షీటు మూలన గీసినవాళ్ల పేరు పొడి అక్షరాలు ఉంటాయి. అవి నావి.

ఎనిమిది రోజులు

ప్రదీప్ గదికి వెళ్లి రెండు నక్షాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. అతను చాలాసేపు చూశాడు. మూర్ఖుడు కాదు, వెంటనే అర్థమైంది.

"ఇది మీరొక్కరే చేసిన తప్పు కాదు మేడమ్" అన్నాడు. "స్మూతింగ్ అందరికీ నేనే పెట్టిచ్చినా. ఈ షీటు తప్పని రాసిస్తే, ఆ లెక్కన అన్నీ తిరిగి చూడల్ల. ఎవరు గీసినారు, ఎందుకట్ల వచ్చింది, చెయ్యెట్లుండాది, అన్నీ అడుగుతారు. మీకింక ఏడు నెలలే కదా."

చెయ్యి గురించి అన్న మాట నన్ను పట్టుకుంది. అతను బెదిరించలేదు, నిజమే చెప్పాడు. విచారణ అంటే అందరి ముందు నాకు పెన్ను ఇచ్చి గీయమంటారు. ముప్పై నాలుగేళ్ల ట్రేసర్ చెయ్యి తెరమీద ఎలా పాకుతుందో అందరూ చూస్తారు. ఓబులేసు చూస్తాడు. చెదల కుంటకు నేను నవ్విన నవ్వు వాళ్లకు గుర్తుండదా?

వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు ఏమీ రాయలేదు. మరుసటి రోజూ రాయలేదు. ప్రతి ఉదయం ఆ షీటు తెరిచేదాన్ని, మూసేదాన్ని. నోటీసు మీద పై అధికారులకు చెప్పుకోవడానికి ఎర్రిస్వామికి గడువు ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రదీప్ పైవాళ్లతో మాట్లాడతాడేమో అని చెప్పుకున్నాను. మన జిల్లాలో ఏ పని చెప్పిన రోజున మొదలైంది కనుక అని కూడా చెప్పుకున్నాను. ఈ మూడింటిలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు.

తొమ్మిదో రోజు ఉదయం ఆఫీసుకు వెళ్లగానే కాగితం తీసుకుని రాశాను. ఫలానా ఊరి నక్షాలో వంక గీత తప్పు, గీసింది నేను, అసలు నక్షా ఇదిగో, బావి వంకలో లేదు, పట్టా భూమిలో ఉంది. సంతకం పెట్టి పై అధికారి బల్లమీద ఉంచి, ఆయన చదివేదాకా నిలబడ్డాను. ఆయన చదివి, ఆ పనిని చూస్తున్న సర్వేయరుకు నా ముందే ఫోను చేశాడు.

ఫోను స్పీకరులో ఉంది. సర్వేయరు మాట నాకు వినిపించింది. "ఆ బావా సార్? జేసీబీ పెట్టి మొన్ననే పూడ్చేసినారు. ఆరు రోజులైంది మంజూరై."

బావి పూడ్చింది నేను నోరు మూసుకుని కూర్చున్న ఏడో రోజు. రెండు రోజుల తేడా. మొదటి రోజే రాసి ఉంటే ఆ మంజూరే వచ్చి ఉండేది కాదు.

నా మీద ఏ చర్యా తీసుకోలేదు. నాకు పెన్ను ఇచ్చి గీయమని ఎవరూ అనలేదు. నేను దేనికి భయపడి ఎనిమిది రోజులు దాక్కున్నానో అది జరగనే లేదు. నా కాగితం ఫైలులో పెట్టారు. ప్రదీప్ వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. మిగతా షీట్లు తిరిగి చూశారా అని అడిగితే, చూస్తామన్నారు. ఏడు నెలల తర్వాత నాకు శాలువా కప్పి, నా గీత గురించి గొప్పగా మాట్లాడారు. శాలువా కప్పుతున్నంతసేపూ తల వంచుకుని నిలబడ్డాను. వినయం అనుకున్నారు.

సరిదిద్దిన నక్షా

రిటైరయ్యే ముందు ఒక్క పని అడిగి చేశాను. ఆ ఊరి షీటును నేనే సరిదిద్దుతానన్నాను. స్మూతింగ్ సున్నాకు తెచ్చి, పాత నక్షా లేయరు కింద ఉంచుకుని, జూమ్ మరీ దగ్గరికీ మరీ దూరానికీ పోకుండా గీశాను. చెయ్యి వణికింది. గీత కూడా వణికింది. వంక వణికినట్లే ఉంటుంది కాబట్టి ఎవరికీ తప్పు కనిపించలేదు. మలుపు లోపల బావి గుర్తు పెట్టాను. అది మంజూరై రావడానికి నా రిటైర్మెంటు దాటింది.

బావి మళ్లీ తవ్వించమని కూడా రాశాను. పని పూర్తయిపోయింది, పథకం ముగిసింది, రైతు మళ్లీ అర్జీ పెట్టుకోవాలి అన్నారు. ఆ అర్జీ రాసి, సరిదిద్దిన నక్షా ప్రింటు జతచేసి, ఎర్రిస్వామితో సంతకం పెట్టించుకుందామని, వాళ్ల ఊరివైపు వెళ్లే రాయదుర్గం బస్సెక్కాను.

ఎర్రిస్వామి లేడు. బావి పోయాక చేను బీడుపడింది. బళ్లారి వైపు ఎవరి తోటలోనో కావలి పనికి పోయాడు. మారెక్క ఒక్కతే ఉంది. ఆఫీసు తలుపు దగ్గర నిలబడిన మనిషే, నన్ను వెంటనే గుర్తుపట్టింది. అరుగు మీద కూర్చోమని చాప వేసింది.

దారంతా అనుకున్న మాటలన్నీ వదిలేసి, "అక్కా, ఆ గీత గీసింది నేనే. తప్పని తెలిసినాక కూడా ఎనిమిది రోజులు చెప్పలేదు" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను, తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో కాగితం ఏమిటని అడిగింది. విప్పి చూపించాను. చదువు రాకపోయినా తన చేను ఏదో క్షణంలో పోల్చుకుంది. వంక వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చి మలుపు దగ్గర ఆగింది.

"ఈ గుండ్రంగా ఉండేది ఏంది?"

"మీ బావి."

"ఇదిప్పుడు మీ కంప్యూటర్‌లో ఉండాదా?"

"ఉంది అక్కా. ఎవరు తీసి చూసినా కనిపిస్తుంది."

ఆ గుండ్రం మీద వేలు పెట్టింది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "నువ్వు తప్పు గీస్తే మూడు గంటల్లో పూడ్చినారు కదమ్మా. ఇప్పుడు సరిగ్గా గీసినావు కదా. నీళ్లెప్పుడొస్తాయి?"

నా దగ్గర అర్జీ ఉంది. అర్జీ పెట్టుకోవాలని చెప్పాలి. ఆ కాగితాన్ని నక్షా కిందికి మడిచేశాను. ఆమె లేచి లోపలికి వెళ్లింది. గడప పక్కన బిందెలో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది.

"తాగమ్మా. ఎండలో వచ్చినావు" అని చెంబు చేతికిచ్చింది. "రోడ్డు కాడ బోరింగు నించి మోసుకొస్తాం. తొందరేం లేదు, నిదానంగా తాగు."

నేను ఆ నీళ్లు తాగాను.